బోదకొట్టంలో పండగ సెలవులు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో, ముక్కనుమ నాడు చేసిన ప్రసంగ పాఠం. వక్త 1976 పదో తరగతి బ్యాచ్ విద్యార్థిని, టెలిఫోన్ శాఖ విశ్రాంత ఉద్యోగిని)

 

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "అమ్మా, మీరు ప్రతి ఏడూ మనవళ్ళనూ మనవరాళ్ళనూ వెంటేసుకుని సంక్రాంతికి ఊరికి వస్తారంట కదా, దాని గురించే పదిహేను నిమిషాలు మాట్లాడండి" అన్నారు. నేను టెలిఫోన్ శాఖలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసినదాన్ని. వాళ్ళ మాట వీళ్ళకు కలపడమే గాని, మైకు ముందు నా మాట నేను చెప్పింది తక్కువ. తప్పులుంటే మన్నించండి.

ముందు ఈ బడిలో జరిగిన ఒక సంగతి చెప్పాలి. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, పండగ సెలవులయ్యాక బడి తెరిచిన మొదటి రోజు తెలుగు అయ్యవారు 'సంక్రాంతి' మీద వ్యాసం రాయమన్నారు. నేను గైడులో ఉన్నది ఉన్నట్టు దించాను. ధాన్యపు రాసులు, నిండిన గాదెలు, రైతు ముఖంలో ఆనందం, అన్నీ. అయ్యవారు కాగితం చూసి, "మీ ఇంటికి ఎన్ని పుట్ల ధాన్యం వచ్చిందమ్మా?" అని అడిగారు. "రాలేదయ్యా" అన్నాను. "మరేమొచ్చింది?" "కందులు రెండు మూటలు. మేనత్తలు ముగ్గురు." తరగతంతా నవ్వింది. అయ్యవారు నవ్వలేదు. "అయితే అదే రాయి" అని కాగితం తిరిగి ఇచ్చేశారు. రెండోసారి రాసిన దానికి పదికి ఏడు వేశారు. ఆయన చేతిలో ఏడంటే ఎంతో ఇక్కడున్న పాతవాళ్ళకు తెలుసు.

ఇప్పుడు ఆలోచిస్తే ఆ గైడు వ్యాసం మన జిల్లాలో ఎక్కడా అతకదు. గోదావరి వైపు కోతలు ముగిసి, వడ్లు ఇంటికి చేరాక సంక్రాంతి వస్తుంది. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, తుపాన్లతో కలిసి వస్తాయి. కింద పెన్నా డెల్టాలో పండగ నాటికి వరి ఇంకా పచ్చగా నిలబడి ఉంటుంది, కోతలు మార్చిలో. ఇక మన మెట్ట సంగతి చెప్పేదేముంది. కందులో, అలసందలో, వాన దయ. మనకు సంక్రాంతికి ఇంటికి వచ్చేది మనుషులే. చెరువులో నీళ్ళు, ఇంట్లో మనుషులు, ఈ రెండూ ఉంటే మా జేజి ఆ ఏడు పండగ బాగా జరిగిందనేది.

మా ఊరు ఉదయగిరికీ ఆత్మకూరుకూ నడుమ ఉంది. పేరు చెబితే ఈ సభలో సగం మంది చుట్టాలైపోతారు, అందుకని చెప్పను. చేలో నిలబడి పడమరకు చూస్తే వెలికొండలు, మబ్బు లేని నాడు ఉదయగిరి దుర్గం. ఆ చేలో బావి పక్కన మా జేజినాయన ఒక బోదకొట్టం వేసుకున్నాడు. మట్టి గోడలు, తాటి దూలాలు, పైన బోద కప్పు. కొండ వాలు నుంచి బోద కోసి మోపులు కట్టి తెచ్చేవాళ్ళు. పెద్దవాళ్ళు తల వంచకుండా లోపలికి పోలేరు. పిల్లలు మాత్రం నిటారుగా పోవచ్చు. మా బుడ్డోడు, నా కొడుకు కొడుకు, నాలుగేళ్ళవాడు, "ఇది మా సైజు ఇల్లు" అంటాడు.

పండక్కు మేనత్తలూ వాళ్ళ పిల్లలూ దిగితే ఊళ్ళో ఇంట్లో రెండు గదులూ వసారా చాలేవి కావు. అందుకని పిల్లలందరినీ మా జేజి వెంట మూడు రాత్రులు కొట్టానికి తోలేవాళ్ళు. కింద వరిగడ్డి, దాని మీద బొంతలు, పైన గొంగళ్ళు. తొమ్మిది మంది పిల్లలం, అంచున ఎవరు పడుకోవాలనే దాని మీద రోజూ తగాదా. ఇప్పుడు మా పిల్లలు, "జేజీ, ఈ ఆచారం ఎప్పటినుంచి ఉంది?" అని పెద్ద ప్రశ్న అడుగుతారు. చోటు చాలకపోయినప్పటినుంచి అని చెబుతాను.

ఆ నాలుగు దినాలకూ ఒక వరస ఉంది, అది మారదు. భోగికి ముందు రోజు మధ్యాహ్నం పిల్లలంతా గట్ల వెంబడి పోయి ఎండు కంప, తాటి మట్టలు ఈడ్చుకొస్తారు. ముళ్ళు తగలకుండా లాగడం ఒక విద్య. నెల పట్టిన నాటినుంచీ మా మరదలు గోడకు కొట్టి ఎండబెట్టిన పిడకలు ఉంటాయి. వాటిని పురికొసకు గుచ్చి దండలు చెయ్యాలి. తెల్లవారుజామున నాలుగున్నరకు లేపితే కళ్ళు తెరవకుండానే నడుస్తూ వస్తారు. మంట దగ్గర అరగంట మాట ఉండదు, ముందు వేడి, వెనక చలి. ఆ మంట మీదే స్నానానికి నీళ్ళు కాగుతాయి. నలుగు, నూనె, కుంకుడు రసం, కళ్ళు మండాయని ఏడుపులు. సాయంత్రం ఐదేళ్ళలోపు పిల్లలకు భోగిపళ్ళు.

మరునాడు పెద్దలకు పెట్టుకోవడం. మా జేజినాయన పేరు మీద పంచె, జేజి పేరు మీద చీర, వాళ్ళకిష్టమైనవి వండి ఆకులో పెట్టడం. మా పెద్ద మనవరాలికి అప్పుడు ఐదేళ్ళు. "ఆయన సైజు ఎవరికి తెలుసు?" అని అడిగింది. మా తమ్ముడు, "పంచెకు సైజేముంది తల్లీ, అందుకే పెద్దోళ్ళంతా పంచెలు కట్టింది" అన్నాడు. ఆ జవాబుతో దాని అనుమానం తీరింది. నాకూ తీరింది.

కనుమ నాడు పశువులకు. ఒకప్పుడు మాకు రెండు జతల ఎద్దులు, ఇప్పుడు ఒకే ఒక బర్రె. దానికి కొమ్ములకు రంగు, మెడలో బంతిపూల దండ. ఆరుగురు పిల్లలు ఒక బర్రెను అలంకరించడమంటే ఆ బర్రె ఓర్పును మెచ్చుకోవాలి. నెల్లూరు వాళ్ళకు పెన్నా ఇసకలో ఏటి పండగ ఉంది. మాకు ఏరు దూరం, బావి గట్టే మా ఏరు. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు గనక ప్రయాణాలు పెట్టుకోం, గారెలూ నాటుకోడీ తిని చెట్టుకింద పడుకుంటాం.

ఇదంతా వింటుంటే బాగుంటుంది. మీలో చాలామంది తలలు ఊపుతున్నారు. నేను కూడా చాలా ఏళ్ళు ఇలాగే చెప్పుకుంటూ వచ్చాను, మద్రాసులో ఆఫీసులో, పక్కింటివాళ్ళకు, అందరికీ. ఇందులో ఒక మనిషిని వదిలేశానని నాకు 2018 దాకా తెలియలేదు.

మేము ముగ్గురం. అన్న హైదరాబాదులో స్థిరపడ్డాడు, నేను పెళ్ళయి మద్రాసు పోయాను, తమ్ముడు సేద్యంలో ఉండిపోయాడు. అమ్మానాన్నలను చివరిదాకా చూసింది తమ్ముడూ మరదలూ. 2018 పండక్కు మేము పదకొండు మందిమి దిగాం. నా కొడుకు, కోడలు, బెంగుళూరు నుంచి కూతురు, అల్లుడు, అన్నావాళ్ళు, అమెరికా నుంచి అన్న కొడుకు కుటుంబం. పిల్లలకు స్వర్గమే. ఫోటోలు వందల్లో. తిరిగి పోతుంటే ఒక్కొక్కరికి ఒక్కో డబ్బా, అరిసెలు, నిప్పట్లు, మణుగుబూలు, కజ్జికాయలు.

నాలుగో రోజు మద్రాసు నుంచి ఫోన్ చేసి, "ఎంత బాగా జరిగింది కదమ్మా పండగ" అన్నాను. అవతల మాట లేదు. లైను పోయిందేమోనని "హలో, హలో" అన్నాను, పాత అలవాటు. అప్పుడు మా మరదలు, "మీకు అయిపోయింది వదినా. నాకు ఇప్పుడు పండగ, మీరంతా పోయినారు గనక" అన్నింది.

కోపంగా అనలేదు. వెనక గుడ్డలు బండకేసి కొడుతున్న చప్పుడు వినపడుతూనే ఉంది. పదకొండు మంది కప్పుకున్న దుప్పట్లు.

నాకు ముందు కోపం వచ్చిందనే చెప్పాలి. పుట్టింటికి ఏడాదికి నాలుగు రోజులు వస్తే అదీ బరువైందా అని. రెండు నెలలు సరిగ్గా మాట్లాడలేదు. ఉగాదికి ఫోన్ చేసి, మాటల్లో మాటగా అడిగాను. "నువ్వు సంక్రాంతికి పుట్టింటికి పోయి ఎన్నేళ్ళయిందమ్మా?" ఆమె లెక్క కట్టుకోకుండానే చెప్పింది. "ఇరవై రెండేళ్ళు వదినా. పెండ్లయిన తొలి రెండు పండగలకు పోయినా, అంతే." ఆమె పుట్టిల్లు సీతారామపురం దగ్గర. ఎంత దూరమో మీకు తెలుసు, బస్సెక్కితే కూర్చున్న చోటు వేడెక్కేలోపు దిగొచ్చు. అక్కడ ఎనభై ఏళ్ళ తల్లి ఉంది.

సంక్రాంతి అంటే ఆడబిడ్డలు పుట్టింటికి పోయే పండగ. ఆ ఇరవై రెండేళ్ళలో నేను రాని ఏడు రెండో మూడో. నేను నా పుట్టింటికి వచ్చిన ప్రతిసారీ ఆమె తన పుట్టింటికి పోకుండా ఆగిపోయింది. టెలిఫోన్ ఎక్స్చేంజీలో ఒక లైను ఇద్దరికి ఇవ్వడం కుదరదని నాకు తెలుసు. ఇంట్లో మాత్రం తట్టలేదు.

2019 నుంచి పద్ధతి మార్చాం. ఒక ఏడు విడిచి ఒక ఏడు, భోగికి ముందు రోజే మరదలు వాళ్ళ అమ్మ దగ్గరికి పోతుంది, ముక్కనుమ సాయంత్రం వస్తుంది. ఆ ఏడు పండగ మొత్తం మేము చేసుకోవాలి. ఆమె ఉన్న ఏడు కూడా మేము నాలుగు రోజులు ముందే దిగి పిండివంటలన్నీ కలిసే చెయ్యాలి. ఈ మాట చెబితే మా తమ్ముడు, "అక్కా, నువ్వు అరిసెలు చేసి ఎన్నాళ్ళయింది?" అని ఒక్కటే అడిగాడు.

2019 పండగ మీకు చెప్పి తీరాలి. పోయేముందు మరదలు క్యాలెండరు కాగితం వెనక అన్నీ రాసి గోడకు అంటించింది. ఏ డబ్బాలో ఏముంది, మోటారు ఏ వేళకు వెయ్యాలి, బర్రెకు ఏం పెట్టాలి. చివర 'బర్రె నా చేతికి తప్ప ఇయ్యదు, నా పాత చీర కొయ్యకు ఉండాది' అని రాసింది. ఆ చీర చుట్టుకుని నేను పాలు పితకడానికి కూర్చున్నాను. బర్రె ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. చీరను నమ్మిందో, నా వయసుకు జాలిపడిందో, అర లీటరు ఇచ్చింది.

అరిసెల పాకం మా అల్లుడు చూస్తానన్నాడు. యూట్యూబు ఉంది కదా అని. బియ్యం రాత్రంతా నానబెట్టి తడిగానే పిండి పట్టించాం, అది బాగానే కుదిరింది. బెల్లం పాకం ఒక బొట్టు నీళ్ళలో వేస్తే మెత్తటి ఉండ కట్టాలి. అక్కడ దించెయ్యాలి. ఆయన వీడియోలో వాళ్ళు ఇంకా కలుపుతున్నారని ఇంకాసేపు కలిపాడు. పాకం ముదిరిపోయింది. లేతపాకమైతే నూనెలో అరిసె చెదిరిపోతుంది, ముదురుపాకమైతే రాయి. మావి రాళ్ళు. పిల్లలు వాటిని దొర్లించి ఆడుకున్నారు. ఇప్పటికీ మా ఇంట్లో గట్టిపడిన ఏ పదార్థానికైనా 'బాబాయి అరిసె' అనే పేరు.

భోగిమంట ఇంకో కథ. కంప మంచుకు తడిసి ఉంది. పొగ తప్ప మంట లేదు. ఇద్దరు ఇంజనీర్లు, ఒక బ్యాంకు మేనేజరు, పొగలో కళ్ళు తుడుచుకుంటూ నిలబడ్డారు. పక్క చేను పెద్దాయన కండువా కప్పుకుని వచ్చి, మాటా పలుకూ లేకుండా ఎండు తాటాకు నాలుగు అడుగున దోపి, గాలివాటం చూసి అటువైపు నుంచి అంటించి వెళ్ళిపోయాడు. రెండు నిమిషాల్లో మంట. ఆయన ఏడో తరగతితో ఈ బడి మానేశాడు. రమ్మంటే ఈ రోజు సభకు రాలేదు.

చిత్రం ఏమిటంటే, మా పిల్లలను ఏ పండగ గుర్తుందని అడిగితే అందరూ ఆ ఏడే చెబుతారు. అన్నీ సరిగ్గా జరిగిన 2018 వాళ్ళకు ఫోటోల్లోనే ఉంది. కారణం నేను చెప్పగలను. ఆ ఏడు పెద్దవాళ్ళకు చేతకాక, పిల్లలకు నిజంగా పనులు పడ్డాయి. ఆ పనులు అలాగే నిలిచిపోయాయి. ఎనిమిదేళ్ళు దాటితే ముగ్గు, ఆరేళ్ళకు పిడకల దండలూ గొబ్బెమ్మలకు గుమ్మడి పూలూ తంగేడు పూలూ ఏరడం, నాలుగేళ్ళవాడికి విస్తరాకులు లెక్కపెట్టడం. మా బుడ్డోడు పన్నెండు తర్వాత పదిహేను అంటాడు, అందుకని ఈ మధ్య ఎప్పుడూ రెండాకులు తక్కువొస్తాయి. దాన్ని దిద్దొద్దని అందరికీ చెప్పాను.

ఐదేళ్ళు నిండిన పిల్లకో పిల్లాడికో ఉదయగిరి చెక్క గరిటె ఒకటి కొనిస్తాం. భౌగోళిక గుర్తింపు వచ్చిన సరుకు, మన ఊరి కళాకారుల చేతిది, నర్ది చెక్క. దాని మీద పేరు రాయించం. ఎవరి గరిటె వాళ్ళు గుర్తుపట్టాలి. సంక్రాంతి నాడు పొంగలి కుండలో ఐదేళ్ళు నిండిన ప్రతి పిల్లా తన గరిటెతో ఒకసారి తిప్పాలి. అప్పుడు పొయ్యి దగ్గర పెద్దవాళ్ళు ఇద్దరుండాలి, ఒకరు కుండను, ఒకరు పిల్లను పట్టుకోవాలి.

చిన్నపిల్లలతో వచ్చే వాళ్ళ కోసం రెండు మూడు సంగతులు, పడి లేచి నేర్చుకున్నవి. భోగిపళ్ళలో చిల్లర వెయ్యడం మేము మానేశాం. ఒక ఏడు పళ్ళు పోస్తుండగా పది నెలల పాప రూపాయి బిళ్ళ నోట్లో పెట్టుకుంది. మా కూతురు వేలు పెట్టి తీసేదాకా నా గుండె కొట్టుకోలేదు. శనగలూ అంతే. ఇప్పుడు రేగుపళ్ళు, బంతి రేకులు, చెరుకు ముక్కలు మాత్రమే, అవీ పోసిన వెంటనే చీపురుతో ఊడ్చేస్తాం. బావికి ఇనుప వల వేయించాం, మేము ఉన్నన్నాళ్ళూ దాని తాళంచెవి తమ్ముడి మొలతాడుకే. మంట చుట్టూ తెల్లగా పెద్ద ముగ్గు గీత గీస్తాం, పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకోకుండా అది దాటకూడదు. మంటలో టైర్లు, ప్లాస్టిక్కు వెయ్యం. రాత్రి పడుకునే ముందు బొంతలు, గొంగళ్ళు, గడ్డి అన్నీ దులపాలి, తేళ్ళుంటాయి. దులిపే పని పిల్లలకు ఇష్టం. తేలు కనపడలేదని నిరాశపడతారు కూడా.

ఇక కథలు. మా జేజి చెప్పినవి సగం మరిచిపోయాను, అందుకని కొట్టంలో రాత్రిపూట దుర్గం కథ చెబుతాను. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల మీదికి వచ్చి ఉదయగిరిని ముట్టడించడం, 1514లో కోట చేతికి రావడం, ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని తీసుకుపోయి హంపిలో గుడి కట్టించడం. ఆ విగ్రహం ఇప్పుడు మద్రాసులో, ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. మా మనవరాలిని తీసుకుపోయి చూపించాను. అది కాసేపు చూసి, "అయితే ఈయన కూడా మన ఊరు వదిలి మద్రాసు వచ్చేశాడా?" అన్నది. అవునన్నాను. "మరి పండక్కు ఊరికి రాడా?" నా దగ్గర జవాబు లేక ఐస్క్రీము కొనిపెట్టాను.

2021లో కరోనా వల్ల ఎవరమూ రాలేదు. ఆ ఏడు తమ్ముడు ఒక్కడే కొట్టం ముందు నాలుగు కంపలు వేసి మంట పెట్టి, వీడియో కాల్లో చూపించాడు. సిగ్నలు లేక మంట మధ్యలో ఆగిపోయి, ఎర్రటి గళ్ళు గళ్ళుగా నిలబడింది. పిల్లలు ఆ బొమ్మనే చాలాసేపు చూశారు.

తర్వాత 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను. కొట్టం కప్పు ఒక పక్క మొత్తం ఊడిపోయింది. తమ్ముడు రేకులు వేస్తానన్నాడు. నేను వద్దన్నాను. అప్పుడు వాడు అన్న మాట మీకు చెప్పాలి. "అక్కా, బోద ఎక్కడుంది? కోసేవాడెవడు? కప్పేవాడెవడు? మూడు నాలుగేళ్ళకొకసారి మార్చాలి. ఏడాదికి నాలుగు రాత్రులు పడుకునే దానికి నువ్వు మద్రాసులో కూర్చుని బోద బోద అంటావు." అందులో తప్పు ఏ ముక్కలో ఉందో నేను ఎత్తి చూపలేకపోయాను.

చివరికి సగం సగం. మోటారు స్టార్టరు, ఎరువు బస్తాలు ఉండే పక్క రేకులు. పిల్లలు పడుకునే పక్క బోద. ఊళ్ళో కప్పడం తెలిసినాయన ఒక్కడే మిగిలాడు, డెబ్బై దాటింది. ఆయన కింద నిలబడి చెబుతుంటే ఆయన మనవళ్ళిద్దరు పైకెక్కి కప్పారు. దొరికిన బోద చాలక అడుగు వరసకు తాటాకు వేశారు. కూలి మేము ముగ్గురం పంచుకున్నాం. రేకుల పక్క వాన పడితే డప్పు మోత, బోద పక్క చప్పుడే ఉండదు. ఏ పక్కన ఎవరు పడుకోవాలని పిల్లల మధ్య ఇప్పుడు కొత్త తగాదా. నేను ఊహించని సంగతి, సగం మందికి రేకుల పక్కే కావాలి.

ఈ ఏడు మరదలు పుట్టింటికి పోయే వంతు. వాళ్ళమ్మ ఇంకా ఉంది, చూపు తగ్గింది. పోయిన వంతుకు ఈమె చెయ్యి పట్టుకుని గాజులు లెక్కపెట్టిందట.

నిన్న రాత్రి పిల్లలు పడుకున్నాక మేము ముగ్గురం మంట దగ్గర కూర్చున్నాం. తమ్ముడికి అరవై దాటింది, మోకాళ్ళు సహకరించడం లేదు. వాడి కొడుకు హైదరాబాదులో ఉద్యోగం, తిరిగి రాడు. చేను అడుగుతున్నవాళ్ళున్నారు, ధర కూడా బాగానే చెబుతున్నారు. అన్న ఏమీ మాట్లాడలేదు. నేను ఎప్పటిలాగే, "పిల్లలకు ఈ చోటు ఉండాలి రా" అన్నాను. తమ్ముడు నిప్పులు కదుపుతూ, "నాలుగు దినాలు మీరుంటారు. మిగతా దినాలు ఈ తలుపు తాళం తీసేదెవరు అక్కా?" అన్నాడు.

నవంబరు నుంచి సంక్రాంతి దాకా నేనూ మా ఆయనా ఇక్కడే వచ్చి ఉంటామని నోరు జారాను. ఆయన అక్కడే ఉన్నారు. అవుననలేదు, కాదనలేదు, లేచి గొంగళి దులుపుకున్నారు. అన్న, పెన్షను డబ్బుతో ఒక పాలేరును పెట్టుకుందామా అన్నాడు. పాలేరు ఎక్కడ దొరుకుతాడని తమ్ముడు నవ్వాడు. ఈ ఏడు మాత్రం అమ్మడం లేదు, అంతవరకే తేలింది. మిగతాది ఉగాదికి మాట్లాడుకుందామని లేచాం. ఇక్కడ కూర్చున్న వాళ్ళలో ఊళ్ళో ఒక తమ్ముడినో మరదలినో వదిలి వచ్చిన వాళ్ళు చాలామంది ఉన్నారని నాకు తెలుసు. మీ ఇళ్ళలో దీనికి ఏదైనా దారి దొరికి ఉంటే, భోజనాల దగ్గర నాకు చెప్పండి. నిజంగానే అడుగుతున్నాను.

భోజనం కూడా త్వరగా చేసి బయలుదేరాలి. మా మరదలు సాయంత్రం ఐదున్నర బస్సుకు దిగుతుంది. నిన్నటి అంట్లు ఇంకా తొట్టి దగ్గరే ఉన్నాయి, దుప్పట్లు పదకొండు నానబెట్టి వచ్చాను. ఉతికేది మా అల్లుడు, కొడుకు. వాళ్ళు ఉతుకుతున్నారో, పిల్లలతో బావి గట్టున ఆడుకుంటున్నారో పోయి చూడాలి. సెలవు.